నీడ జరిగినప్పుడు

మా అనంతపురం పల్లెల్లో ఎండాకాలం వేపచెట్టు కింద మంచం వాల్చుకుంటే అది వేసిన చోటే ఉండదు. నీడ జరిగినప్పుడల్లా మంచమూ జరగాలి. పొద్దున చెట్టుకి పడమటి వైపు వేసిన మంచం సాయంత్రానికి తూర్పు వైపుకి చేరుతుంది. దాన్నెవరూ ఒక పనిగా అనుకోరు. నిద్రలో కాలికి ఎండ తగిలితే లేచి, మంచం కోడు పట్టి ఈడ్చి, మళ్ళీ పడుకుంటారు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దీనికీ, నా జీవితంలోని ఒక స్నేహానికీ సంబంధం ఉందని తెలియడానికి మాత్రం ముప్పయి ఏళ్ళు దాటాయి.

2012 జనవరిలో, ఎం.ఏ. రెండో సంవత్సరంలో ఉండగా, ఒక సెమినార్ కోసం నలుగురం హైదరాబాద్ వెళ్ళాం. సాయంత్రం నాంపల్లి ఎగ్జిబిషన్‌కి పోతే అక్కడ ఒక జత లాకెట్లు కనబడ్డాయి. రూపాయి బిళ్ళంత వృత్తాన్ని వంపు గీతతో రెండుగా కోశారు. నల్ల సగంలో తెల్ల చుక్క, తెల్ల సగంలో నల్ల చుక్క. "ఫ్రెండ్‌షిప్ లాకెట్ మేడమ్, చెరొకటి వేసుకోవాలి" అన్నాడు అమ్మేవాడు. మాతో వచ్చిన సీనియర్ నవ్వుతూ, "ఇది మీ ఇద్దరి కోసమే చేసినట్టుంది. యిన్-యాంగ్" అంది. బేరమాడకుండా కొనేశాను. తెల్ల సగం నా స్నేహితురాలికి ఇచ్చి, నల్ల సగం నేను ఉంచుకున్నాను. ఎవరికి ఏ సగమో ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. హాస్టల్లో మమ్మల్ని అందరూ 'ఎండా-నీడా' అనేవాళ్ళు. ఆమె ఎండ. నేను నీడ.

ఆమె గొంతు మెస్సులో మొదలైతే మేడ మీదకి వినిపించేది. నీళ్ళు రాకపోతే వార్డెన్ దగ్గరకి పోయేది ఆమె. బస్సులో ఎవడైనా మీద పడితే చెప్పు తీసేది ఆమె. నేను గోడ వైపు తిరిగి పుస్తకం చదువుకునేదాన్ని. ఆమె మాట్లాడితే నేను వినేదాన్ని. ఆమె కోప్పడితే నేను సర్దిచెప్పేదాన్ని. నాకు లేనిది ఆమెలో, ఆమెకు లేనిది నాలో ఉందని, అందుకే ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అవుతామని ఇరవై రెండేళ్ళ వయసులో గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం చాలా హాయిగా ఉండేది. ఇద్దరు మనుషులు కలిసి ఒక మనిషి కావడంలో, ఎవరో ఒకరికి సగం మనిషిగానే ఉండిపోవాల్సిన అవసరం ఏర్పడుతుందని అప్పుడు తోచలేదు.

లాకెట్ మెళ్ళో వేసుకున్న చాలా ఏళ్ళకు గానీ ఆ మాటల అర్థం వెతకలేదు. వెతికాక ఆశ్చర్యం వేసింది. చైనా భాషలో 'యిన్' అంటే మొదట్లో కొండకు నీడ పడే వైపు. 'యాంగ్' అంటే ఎండ పడే వైపు. అంతే. ఆడ, మగ, మెత్తదనం, కాఠిన్యం ఇవేవీ ఆ మాటల మొదటి అర్థంలో లేవు. కొండకైతే ఉత్తరపు వాలు యిన్, దక్షిణపు వాలు యాంగ్. నదికి తిరగబడుతుంది. ఉత్తరపు గట్టు యాంగ్, దక్షిణపు గట్టు యిన్. లువో నదికి ఉత్తరాన ఉంది కాబట్టే ఆ నగరానికి లువోయాంగ్ అని పేరొచ్చింది. అంటే ఈ మాటలు ఒక వస్తువు స్వభావాన్ని చెప్పలేదు. అది ఎక్కడ ఉందో, వెలుతురు ఎటు నుంచి పడుతోందో చెప్పాయి.

ఆ స్థానాన్ని స్వభావంగా మార్చింది తర్వాతి వాళ్ళు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో హాన్ రాజ్యపు పండితుడు దోంగ్ జోంగ్‌షు యాంగ్‌ని పైన, యిన్‌ని కింద పెట్టాడు. రాజు, తండ్రి, భర్త యాంగ్. సేవకుడు, కొడుకు, భార్య యిన్. మరో రెండు వందల ఏళ్ళకు బాన్ జావో అనే గొప్ప విదుషి, తండ్రీ అన్నా సగంలో వదిలిన హాన్ చరిత్ర గ్రంథాన్ని పూర్తి చేసిన చరిత్రకారిణి, తన కూతుళ్ళ కోసం రాసిన నీతిపుస్తకంలో ఇదే వర్గీకరణను అప్పజెప్పింది. మగవాడి ఘనత గట్టిదనంలో, ఆడదాని అందం మెత్తదనంలో అని. అంత చదువుకున్న మనిషి కూతుళ్ళకు అదెందుకు చెప్పిందని మొదట కోపం వచ్చింది. తర్వాత, వాళ్ళు బతకాల్సిన ఇళ్ళలో వాళ్ళకు దెబ్బ తగలకుండా ఉండాలని చెప్పిందేమో అనిపించింది. మన అమ్మలు మనకు చెప్పినట్టే. మనకూ అర్ధనారీశ్వరుడున్నాడు, ప్రకృతీ పురుషుడూ ఉన్నారు. సగం సగం అన్న ఊహ ఎంత అందంగా ఉన్నా, ఏ సగానికి ఏ పని అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఇంకో సంగతి. చైనా సంప్రదాయం నీడనీ చల్లదనాన్నీ తేమనీ ఒక వైపు పేర్చింది. ఎండనీ వేడినీ పొడినీ ఇంకో వైపు పేర్చింది. మా జిల్లాకు వచ్చి చూస్తే ఆ వరుస నిలవదు. అనంతపురాన్ని భూగోళ పుస్తకాలు 'వర్షచ్ఛాయా ప్రాంతం' అంటాయి. నైరుతి మేఘాలు పడమటి కనుమలకు అటువైపే కురిసి ఖాళీ అవుతాయి. ఇటువైపు మిగిలేది వాన నీడ. ఈశాన్య రుతుపవనాలు కూడా బంగాళాఖాతం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర కురిసే ఈ పీఠభూమిలో నీడ అంటే తేమ కాదు, కరువు. చెట్టు నీడ బతికిస్తుంది, కొండ నీడ ఎండబెడుతుంది. నీడ అన్న ఒక్క మాటకే ఇన్ని అర్థాలున్న చోట పుట్టి, ఒక మనిషిని 'నువ్వు నా నీడ' అనేముందు ఏ నీడో ఆలోచించుకోవాల్సింది.

అలా అన్నాను నేను. ఎప్పుడన్నానో చెప్పాలి.

ఎం.ఏ.లో ఆమెకి నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. పరిశోధనకు ఇద్దరం ప్రవేశ పరీక్ష రాశాం, ఇద్దరికీ సీటు వచ్చింది. మా నాన్న టౌన్లో టీచరు. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఇల్లు మాది. వాళ్ళది కళ్యాణదుర్గం వైపు పల్లె. అయిదెకరాల ఎర్రనేల, వానాధారం. వాళ్ళ నాన్న వేయించిన మూడు బోర్లలోనూ నీళ్ళు పడలేదు, అప్పు పడింది. 2013లో, కట్నం తక్కువతో కుదిరిందని పక్క ఊరికే ఇచ్చి పెళ్ళి చేశారు. "పిహెచ్.డి.దేముంది మే, నువ్వు చెయ్యి. నేను చదువుతాలే" అని నవ్వింది. నేను ఆ నవ్వుని నమ్మాను. ఆమె ఎండ కదా, ఎండకేమవుతుంది అనుకున్నాను.

నేను హైదరాబాద్‌లో పిహెచ్.డి.లో చేరాను. తర్వాతి అయిదేళ్ళు నాకు మంచివి కావు. గైడు నా రాతప్రతిని నలుగురి ముందు ఎగతాళి చేసిన రోజులున్నాయి. ఒక ప్రేమ చెదిరిపోయింది. నెలల తరబడి నిద్ర పట్టేది కాదు, డాక్టరు మందులిచ్చింది. ఆ అయిదేళ్ళూ దాదాపు ప్రతి రాత్రీ ఎనిమిదింటికి ఆమెకి ఫోన్ చేశాను. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఆమె రొట్టెలు తట్టే చప్పుడు వినిపించేది. గేదె అరుపు, అత్త పిలుపు, గిన్నెల చప్పుడు, వాటి మధ్యలో నా ఏడుపు. "గమ్ముగుండు. తిన్న్యావా? తినేసి ఒక పేజీ రాయి. రేపు చెప్పు ఏం రాసినావో" అనేది. నేను రాశాను. సెలవులకి వాళ్ళ ఊరికి పోతే వేపచెట్టు కింద నాకు మంచం వేసి, తాను పనిలో తిరుగుతూ మాట్లాడేది. వచ్చేటప్పుడు చెనిక్కాయ విత్తనాలు, కందిబేడలు మూటకట్టి ఇచ్చేది.

థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో ఆమె గురించి రాశాను. నా ఎండకు నీడవి నువ్వు అని. ఎంతో ప్రేమతో రాశాను.

నా థీసిస్ దేని మీదో చెబితే మీకు నవ్వు రావచ్చు, లేదా రాకపోవచ్చు. మన కావ్యాల్లో చెలికత్తె పాత్ర మీద. కావ్యంలో చెలికత్తెకు ఇల్లుండదు, ఆకలుండదు, ప్రేమ ఉండదు. నాయిక విరహంతో వేగిపోతుంటే చందనం పూయడానికి, కబురు మోయడానికి ఆమె ఉంటుంది. వసుచరిత్రలో గిరికకు మంజువాణి ఉంది. మంజువాణికి ఎవరున్నారు? శాకుంతలంలో అనసూయ, ప్రియంవద ఉన్నారు. ఒకరు నిదానం, ఒకరు చిలిపి. వాళ్ళిద్దరినీ కాళిదాసు నిజంగా వేర్వేరు మనుషులుగా మలిచాడు. దుర్వాసుడి శాపం విన్నది వాళ్ళే. శకుంతల తట్టుకోలేదని ఆ రహస్యాన్ని మోసిందీ వాళ్ళే. నాలుగో అంకంలో శకుంతల అత్తవారింటికి బయల్దేరుతుంది. వీళ్ళకూ పెళ్ళిళ్ళు కావాలి గనక రాజు దగ్గరకు రాకూడదని కణ్వుడు ఆపేస్తాడు. ఆ తర్వాత మూడు అంకాలు నడుస్తాయి, వాళ్ళు మళ్ళీ కనబడరు. కావ్యాలు ఉపేక్షించిన స్త్రీల గురించి రాసిన వ్యాసంలో రవీంద్రుడు ఊర్మిళతో పాటు వీళ్ళనీ తలుచుకున్నాడు. ఇదంతా నేను నలభై పేజీల అధ్యాయంగా రాశాను. కవులు చెలికత్తెను ఎలా వాడుకుని వదిలేశారో ఉదాహరణలతో నిరూపించాను. రాసిన ప్రతి పేజీ గురించీ రాత్రి ఎనిమిదింటికి ఫోన్లో ఆమెకు చెప్పాను.

2019 డిసెంబర్‌లో పట్టా చేతికొచ్చాక, అచ్చు వేయించిన ప్రతి ఒకటి తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆమె బావి కాడికి పోయింది. గడప దగ్గర ఆమె అత్త కూర్చుని కందులు చెరుగుతోంది. మాటల్లో మాటగా అంది. "పోయినేడు చవితి ముందర్రోజు బిడ్డ కడుపులోనే పాయ గదమ్మా. ఆరో నెల. ఆయప్ప బెంగుళూర్లో ఉన్న్యాడు. ఆ నెలంతా ఈ పిల్ల మంచం దిగలే. నీకు తెలుసు గదా."

నాకు తెలియదు.

2018లో వినాయక చవితి సెప్టెంబర్ 13. ముందు రోజు పన్నెండు. ఆ తేదీ నాకు బాగా గుర్తు. మర్నాడు సెలవని, నా ప్రీ-సబ్మిషన్ సెమినార్ ఆ రోజే పెట్టారు. సెమినార్ బాగా జరగలేదు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాను. చుట్టూ జనం మాటలు, ఏదో చక్రాల బండి తోస్తున్న చప్పుడు వినిపించాయి. "ఎక్కడున్నావే?" అన్నాను. "టౌనుకొచ్చినా. పనుండింది. నువ్వు చెప్పు మే" అంది. నేను చెప్పాను. ఎవరేం అన్నారో, నేనేం జవాబిచ్చానో, ఎంత అవమానంగా అనిపించిందో ముప్పావుగంట చెప్పాను. ఆమె ఆస్పత్రి మంచం మీద పడుకుని విన్నది. చివర్లో, "నువ్వు బాగానే రాసినావు. వాళ్ళకేం తెలుసు. పండుకో" అంది.

ఆ ఏడాది ఖరీఫ్‌లో మా జిల్లాలో వానలు లేవు. చేనులో చెనిక్కాయ ఎండిపోయింది. పంట పోయినందుకే ఆమె భర్త బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయాడు. కరువు సంగతి నాకు పేపర్లో తెలుసు. ఆమె చేను ఆ కరువులోనే ఉందన్న సంగతి మనసుకు తట్టలేదు.

ఆమె నీళ్ళ బిందెతో వచ్చింది. నన్ను చూసి ముఖం వెలిగింది. నేను చేసిన మొదటి పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆమెను పట్టుకుని ఏడవలేదు. "నాకెందుకు చెప్పలేదు?" అని నిలదీశాను. ఆమె దుఃఖం విన్న నిమిషంలో కూడా నాకు తగిలిన దెబ్బ గురించే మాట్లాడాను. ఆమె బిందె దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, నిమ్మళంగా అంది.

"నువ్వు అడగలే."

కాసేపటికి, "నీ బాధలకు పేర్లుండాయి మే. యాంగ్జైటీ, డిప్రెషను, ఇంకేందో. నాదానికి పేరు లేదు. పేరు లేనిదాన్ని ఫోన్లో ఎట్ల చెప్పల్ల?" అంది.

తెచ్చిన థీసిస్ తెరిచి కృతజ్ఞతల పేజీ చదివింది. చాలాసేపు చూసింది. "హాస్టల్లో నన్ను ఎండన్యావు. ఇప్పుడు నీడన్యావు. రెండు మాట్లూ నువ్వే అన్న్యావు" అని పుస్తకాన్ని పిల్లల పుస్తకాల పక్కన గూట్లో పెట్టింది. కోపంగా అనలేదు. నాకు అన్నం పెట్టింది. బస్సెక్కించింది. ఆ తర్వాత ఇరవై నెలలు మేం సరిగ్గా మాట్లాడుకోలేదు. నేను సిగ్గుతో ఫోన్ చేయలేదు. ఆమె ఎందుకు చేయలేదో నాకు తెలియదనుకున్నాను. తర్వాత ఆమే చెప్పింది. ఆ అయిదేళ్ళలో ఒక్కసారి కూడా తాను చేసే అలవాటే లేదు. చేసేది ఎప్పుడూ నేనే.

2020 లాక్‌డౌన్‌లో నా గెస్ట్ లెక్చరర్ ఉద్యోగం పోయింది. అనంతపురం వచ్చేశాను. 2021 ఆగస్టు చివర్లో ఒక రోజు ధైర్యం చేసి వాళ్ళ ఊరి బస్సెక్కాను. ఆమె చేనులో కలుపు తీస్తోంది. నేనూ వంగాను. "నీకు రాదు, చెట్లు పీకేస్తావు. గట్టున కూర్చో" అంది. కూర్చున్నాను. కాసేపటికి ఒక చెనిక్కాయ చెట్టు వేర్లతో సహా పీకి తెచ్చి నా ముందు పెట్టింది.

వేరుశెనగ జిల్లాలో పుట్టి, వేరుశెనగ తిని పెరిగినదాన్ని. ఆ చెట్టుని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పసుప్పచ్చ పువ్వు పొద్దున నేల పైన, ఎండలో పూస్తుంది. పువ్వు వాడాక దాని అడుగు నుంచి సన్నటి ఊడ బయల్దేరి కిందికి వంగి మట్టిలోకి దిగుతుంది. కాయ కట్టేది చీకట్లో. ఊడకు వెలుతురు తగులుతున్నంతసేపూ దాని కొన కాయగా ఊరదు. నేల మెత్తగా ఉంటేనే ఊడ దిగుతుంది. ఆ సమయంలో వాన లేక నేల గట్టిపడితే కొన ఎండిపోతుంది. "పైన చూస్తే చెట్టు పచ్చగానే ఉంటాది. పీకితే గానీ తెలీదు, కింద కాయుందో లేదో" అంది. ఆమె చెట్టు గురించే మాట్లాడుతోంది. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను.

చేను మధ్యలో కంది సాళ్ళున్నాయి. చెనిక్కాయ నాలుగు నెలల లోపు పంట, వేర్లు అంత లోతుకి పోవు. కంది ఆరు నెలల దాకా నిలబడుతుంది, దాని తల్లివేరు లోతు నుంచి తేమ తీసుకుంటుంది. నాకు వెంటనే పోలిక తోచింది. "మనిద్దరం ఇట్లాగే కదా" అనబోయాను. సాహిత్యం చదువుకున్నవాళ్ళ రోగం అది. ఆమె నవ్వింది. "తోడుగా ఉంటాదని ఎవరూ కంది వెయ్యరు మే. ఇది పోయినా అది చేతికొస్తాదని వేస్తారు. కరువు సీమలో ఏదీ అందం కోసం ఉండదు."

ఆ మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని తొలిసారి మేమిద్దరం మా గురించి మాట్లాడుకున్నాం. క్షమాపణ చెప్పాను. ఆమె దాన్ని తీసుకోలేదు, తిప్పికొట్టనూ లేదు. ఒక మాట చెప్పింది. నా మీద నేను మోపుకున్న నేరం కంటే ఆ మాట నన్ను ఎక్కువ కదిలించింది. "నువ్వొక్కదానివే చేసింది కాదిది. నాకూ కావల్సుండె. ఈ ఇంట్లో నేను కోడల్ని. పేడ తీసేదాన్ని, రొట్టె తట్టేదాన్ని. రాత్రి ఎనిమిదింటికి నీ ఫోనొస్తే నేను మల్లా ఎం.ఏ. చదివినదాన్ని. నువ్వు రాసేది తప్పో ఒప్పో చెప్పేదాన్ని. ఆ పొద్దు ఆస్పత్రిలో నీకు చెప్పి ఏడ్చింటే, నీ దగ్గర కూడా నేను అందరి మాదిరే అయిపోతా గదా."

అంటే నేను మోస్తున్న నల్ల సగం ఎంత అబద్ధమో, ఆమె మోస్తున్న తెల్ల సగమూ అంతే అబద్ధం. బలహీనంగా ఉండే హక్కు నాదని నేను అనుకున్నాను. బలంగా కనబడే చోటు అదొక్కటే మిగిలిందని ఆమె అనుకుంది. ఇద్దరం మా మా చోట్లలో కుదురుకుని, ఆ కుదురునే స్నేహం అనుకున్నాం.

ఇప్పుడు దీని గురించి ఆలోచిస్తే నాకొకటి స్పష్టంగా కనిపిస్తుంది. మా మధ్య ఉన్న తేడా స్వభావంలో ఉందని అందరూ అన్నారు, మేమూ నమ్మాం. ఆమె గట్టిది, నేను సున్నితం అని. ఆమె వార్డెన్‌తో పోట్లాడింది గట్టిది కాబట్టి కాదు, మెస్సు బిల్లులో తేడా వస్తే కట్టే డబ్బు వాళ్ళ నాన్న దగ్గర లేదు కాబట్టి. నేను గోడ వైపు తిరిగి చదువుకున్నది సున్నితం కాబట్టి కాదు, నా బదులు పోట్లాడే మనిషి పక్క మంచం మీద ఉంది కాబట్టి. నాన్న జీతం నాకు బాధపడే తీరిక ఇచ్చింది. ఎండిన బోర్లు ఆమెకు ఆ తీరిక ఇవ్వలేదు. వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూడకుండా, కొండ స్వభావమే ఇంత అన్నాం. పితృస్వామ్యం ఆడవాళ్ళని 'సహజంగానే ఓర్పు గలవారు' అంటే మనం ఒప్పుకోం. ఆ ఓర్పు ఎవరి అవసరమో ప్రశ్నిస్తాం. అదే మాట మన స్నేహితురాలి గురించి మనం ఎంత సులువుగా అనేస్తాం. 'తనకేం, తను తట్టుకుంటుంది.' ఈ మాట అన్నప్పుడల్లా మనకు తెలియకుండానే ఒకరి భారాన్ని వాళ్ళ గుణంగా మార్చేస్తున్నాం. చదువుకున్న స్త్రీలకు, చదువు ఆగిపోయిన స్త్రీలకు మధ్య స్నేహాల్లో ఇది మరీ ఎక్కువ. మనకు భాష ఉంది. దుఃఖాన్ని ముందుగా చెప్పుకునే వీలు భాష ఉన్నవాళ్ళకే ఉంటుంది.

యిన్-యాంగ్ పుట్టిన చైనాలోనే హునాన్ రాష్ట్రపు జియాంగ్‌యోంగ్ పల్లెల్లో ఆడవాళ్ళు తమకంటూ ఒక లిపిని వాడుకున్నారు. దాన్ని నుషు అంటారు. అది సంప్రదాయంగా నేర్చుకున్న చివరి తరం మనిషిగా పేరున్న యాంగ్ హువాన్‌యి 2004లో చనిపోయింది. అక్కడ ఒకే ఈడు ఆడపిల్లలను స్నేహంతో జతకలిపే ఆనవాయితీ ఉండేది. ఆ జతను 'లావోతోంగ్' అనేవారు. ఆ మాటలో ఉన్నది 'సమానం' అన్న అర్థం. తత్వవేత్తలు ఆడామగలను ఎండా నీడగా విడదీసిన దేశంలోనే, ఆ పల్లె ఆడవాళ్ళు తమ స్నేహానికి సామ్యం మీద పేరు పెట్టుకున్నారు. పెళ్ళిళ్ళయి విడిపోయాక ఇద్దరూ ఒకరికొకరు తమ కష్టాలు రాసుకున్నారు. ఒకరు రాసేది, ఇంకొకరు వినేది కాదు. మా సీమలో స్నేహితురాలిని సావాసగత్తె అంటారు. సహవాసం, కలిసి ఉండటం. అందులోనూ సగాల లెక్క లేదు.

మన సాహిత్యంలో దీనికి దగ్గరగా నాకు కనిపించేది ఓల్గా 'విముక్త'లోని 'సమాగమం' కథ. రామాయణం సీతనీ శూర్పణఖనీ పూర్తిగా ఎదురెదురుగా నిలబెట్టింది. ఒకరు అందం, ఒకరు వికారం. ఒకరు పూజ, ఒకరు శిక్ష. ఓల్గా వాళ్ళిద్దరినీ అడవిలో కలిపింది. అక్కడ వాళ్ళు ఒకరి లోటు ఒకరు పూడ్చుకోరు. ఇద్దరికీ జరిగింది ఒకే చోట నుంచి వచ్చిందని గుర్తుపడతారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన ఆ పుస్తకం మీద కూడా నేనొక సెమినార్ పేపర్ చదివాను. అప్పుడు ఈ వాక్యం రాయలేకపోయాను.

వ్యత్యాసాలు వద్దని కాదు. ఆమె గొంతు ఇప్పటికీ పెద్దదే, నేను ఇప్పటికీ తొందరగా ఏడుస్తాను. ఆ తేడాలను ఒకచోట మేకు కొట్టి నిలపడమే తప్పు అనుకుంటున్నాను. నీడ జరుగుతుంది. మంచం జరపాలి. ఎప్పుడూ ఒకరే జరుపుతుంటే రెండో మనిషికి నీడ జరుగుతుందన్న సంగతే తెలియదు.

లాకెట్ల సంగతి అడిగాను. తెల్ల సగం తాడు తెగిపోతే, వాళ్ళ పాప ఆడుకోవడానికి తీసుకుందట. ఎక్కడో పోయింది. నాది డ్రాయర్లో ఉంది. దాని మీది తెల్ల చుక్క ఊడిపోయింది. ఇంకో జత కొందామని ఇద్దరికీ అనిపించలేదు.

ఇప్పుడు ఫోన్లు ఆమె కూడా చేస్తుంది. చాలాసార్లు పాప చదువు గురించే. అయినా పాత అలవాటు ఊరికే పోదు. నేను "ఎట్లున్నావే" అనగానే ఆమె "నేను బాగుండా, నువ్వు చెప్పు" అంటుంది. నేను చెప్పడం మొదలుపెట్టేస్తాను. మధ్యలో గుర్తొచ్చి ఆగుతాను. కొన్నిసార్లు గుర్తురాదు. తన పనులకి ఎవరైనా 'గట్టి మనిషివి' అంటే ఆమె ఇంకా మురుస్తుంది. నేను అది చూసి నొచ్చుకుంటాను. అది ఆమె ఇష్టమని ఊరుకుంటాను.

పోయిన నెల ఒక రాత్రి నేనే చేశాను. "నువ్వు చెప్పు మే" అంది. "ఈ పొద్దు నువ్వు మొదలుపెట్టు" అన్నాను. "ఏముంది నాకు చెప్పను" అంది. నేనేం మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసిందేమో అనుకునేంతసేపు నిశ్శబ్దంగా ఉంది. దూరంగా గేదె మెడలో గంట వినిపించింది. తర్వాత మోకాలి నొప్పి గురించి చెప్పింది. అత్తకి చూపు తగ్గిందని చెప్పింది. ఇంకా కాసేపటికి, గొంతు మార్చకుండానే, "ఆడపిల్ల మే ఆ పొద్దు పోయింది. నీకు చెప్పలే గదా" అంది.

లేదు, చెప్పలేదు అన్నాను.

ఆ తర్వాత చాలాసేపు చెప్పింది. నేను విన్నాను. నా దగ్గర కూడా ఆ రోజు చెప్పాల్సింది ఒకటి ఉంది. చెప్పలేదు. అది రేపు చెప్పొచ్చు.